రిసీవ్డ్ సార్

మన సర్కారు బడులకు ఇంటర్నెట్ రాలేదని ఎవరైనా అంటే నమ్మకండి. పొద్దున తొమ్మిదింటికి పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఏ బడి ముందైనా నిలబడి చూడండి. కర్దనూర్ కానివ్వండి, ముత్తంగి కానివ్వండి, ఇస్నాపూర్ కానివ్వండి. ప్రార్థన గంట ఇంకా కొట్టరు. సార్లు, మేడమ్‌లు మాత్రం అప్పటికే గోడవార వెలుతురు వెతుక్కుంటూ, ఫోను మొహానికి ఎదురుగా పట్టుకుని ఉంటారు. ఒకసారి కళ్లు ఆర్పుతారు. అద్దాలు తీస్తారు, మళ్లీ పెడతారు. సర్వరు ఒప్పుకోదు. "బొట్టు తీసి చూడున్రి మేడమ్" అని పక్కనున్న సారు సలహా ఇస్తాడు. ముఖం గుర్తుపట్టే హాజరు ఇది. పిల్లలకు 2023లో వచ్చింది, 2025 ఆగస్టు నుంచి సార్లకూ వచ్చింది. పదేళ్లుగా ఊళ్లో కుక్కలు కూడా మొరగడం మానేసిన మొహాన్ని సర్వరు మాత్రం రోజూ కొత్తగా పరిచయం చేసుకుంటుంది.

ఆ తర్వాత పిల్లల హాజరు, భోజనం లెక్క, గుడ్ల లెక్క, యూడైస్ అనే బడుల వివరాల పోర్టల్‌లో దిద్దుబాట్లు, పిల్లల గుర్తింపుకు అపార్ నంబర్లు, ఆధార్‌లో ఒక అక్షరం బడి రిజిస్టర్లో ఇంకో అక్షరం అయినందుకు తల్లిదండ్రులకు ఫోన్లు. ఆంధ్రలో కొన్నేళ్ల కిందట మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించే బాధ్యత కూడా బడివాళ్ల మీదే పడింది. దేశానికి కాబోయే పౌరులను తీర్చిదిద్దే చేతులతో అంతకంటే గొప్ప పని ఏం చేయిస్తారు!

ఇక గ్రూపులు. జిల్లా గ్రూపు, మండల గ్రూపు, కాంప్లెక్స్ గ్రూపు, హెచ్‌ఎంల గ్రూపు, సబ్జెక్టు గ్రూపు. ఇవిగాక పై సారు లేకుండా వేసుకున్న ఇంకో గ్రూపు. నిజం మాట్లాడుకునేది అందులోనే. మిగిలినవాటిలో రెండే రెండు రకాల సాహిత్యం కనిపిస్తుంది. పైనుంచి వచ్చేది "మోస్ట్ అర్జెంట్, ఈరోజు సాయంత్రం 4 లోపు". కిందినుంచి వెళ్లేది "రిసీవ్డ్ సార్", పక్కన రెండు చేతులు జోడించిన బొమ్మ. మధ్యాహ్నం మూడున్నరకు పై గ్రూపులో ఒక పట్టిక పడుతుంది. పంపనివాళ్ల పేర్లు ఎర్ర రంగులో ఉంటాయి. అందులో తన పేరు చూసుకున్న లెక్కల సారు, బోర్డు మీద సగం చేసిన త్రికోణమితి అట్లాగే వదిలేసి ప్రొఫార్మా నింపుతాడు. తరగతిలో నలభైమంది పిల్లలు సైన్ తీటా ఎదురుగా సైలెంటుగా కూర్చుంటారు.

వెబ్ గురించి లోకం చెప్పుకున్న గొప్ప మాట ఒకటుంది. ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసింది ఎవరైనా దిద్దొచ్చు, పదిమంది చేతులు పడితే ఒక పుస్తకం తయారవుతుంది. 2001లో వికీపీడియా మొదలైంది ఈ ధైర్యంతోనే. మన విద్యాశాఖలు ఆ మాటను తిరగేసి అమలు చేశాయి. ఒకరు అడగొచ్చు, అందరూ పంపాలి. దిద్దుబాటు అన్న ప్రశ్నే లేదు, ఎందుకంటే పంపినదాన్ని చదివేవాళ్లు లేరు.

*

ఇంతకీ ఈ ప్రొఫార్మాలు తప్ప సార్లు వెబ్‌లో బ్లాగులు రాయరని ఎవరన్నారు? తెలుగులో ఏళ్ల తరబడి ఆగకుండా నడిచిన బ్లాగులేవైనా ఉన్నాయంటే అవి కవులవి కావు, సార్లవి. 2005 తర్వాత కొన్నేళ్లు కూడలి, జల్లెడ లాంటి బ్లాగుల సంకలిని సైట్లలో వందల తెలుగు బ్లాగులు కళకళలాడాయి. కవిత్వం, జ్ఞాపకాలు, వంటలు, తగువులు. ఫేస్‌బుక్ రాగానే వాటిలో చాలా భాగం అటకెక్కింది. సార్ల బ్లాగులకు మాత్రం చావు లేదు. వాటి వస్తువు అజరామరం: డీఏ బకాయి, పీఆర్సీ, జీపీఎఫ్, బదిలీ పాయింట్లు, సర్వీసు సందేహాలు, ఆదాయపు పన్ను. 2021 మార్చిలో తెలంగాణ సర్కారు 30 శాతం ఫిట్‌మెంట్ అని ప్రకటించిందో లేదో, బేసిక్ కొడితే కొత్త జీతం చూపించే ఎక్సెల్ ఫైళ్లు ఫోన్లలో తిరగడం మొదలుపెట్టాయి.

ఇక్కడ వెటకారం పక్కన పెడతాను. ఆ ఎక్సెల్ ఫైళ్లను ఎప్పుడైనా తెరిచి చూశారా? ఏ కంపెనీ చేసినవీ కావు, ఏ టెండరూ లేదు. ఏదో మండలంలో ఒక ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక బడి సారు, రాత్రుళ్లు కూర్చుని చేసిన పని. కింద వ్యాఖ్యల్లో ఇంకో జిల్లా నుంచి ఒకాయన "హెచ్‌ఆర్‌ఏ గడి తప్పు చూపెడుతుంది సార్" అంటాడు. మర్నాటికి కొత్త వెర్షన్ వస్తుంది. ఇంకొకాయన ఆంధ్రకు సరిపడేట్టు మారుస్తాడు. ఒకరు తప్పు పట్టడం, ఇంకొకరు దిద్దడం, ఎవరూ పేరు కోసం కొట్టుకోకపోవడం. వికీపీడియా పనిచేసే పద్ధతి అణాపైసలతో సహా ఇదే. అంటే తెలుగు ఉపాధ్యాయుడికి సహకార సాంకేతికత నేర్పడానికి ఢిల్లీ నుంచి ఎవరూ రానక్కర్లేదు. ఆయన అందులో డాక్టరేట్ చేశాడు, ఫారం 16 అనే అంశం మీద.

రెండో రుజువు కూడా ఉంది. దీక్ష అనే వేదికను కేంద్రం 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, వెంకయ్య నాయుడి చేతుల మీదుగా ప్రారంభించింది. 2020లో దాని మీద నిష్ఠ అనే శిక్షణ ఆన్‌లైన్‌లో మొదలైంది. వీడియో చూడాలి, చివర పరీక్ష రాయాలి, తగినన్ని మార్కులొస్తే సర్టిఫికెట్. విమర్శనాత్మక ఆలోచన, కళాసమ్మిళిత బోధన లాంటి పెద్ద పెద్ద అంశాలు. అధికారులు వీడియోలు ఎంతమంది చూశారో లెక్కపెడుతుంటే, సార్లు నిజమైన సహకార విద్యను ప్రదర్శించారు. పొద్దున ఎక్కడో ఒక సారు ప్రశ్నలకు జవాబులు కనిపెట్టాడు, రాత్రికి కీ రాష్ట్రమంతా తిరిగింది. వీడియో ఒక కిటికీలో దానంతట అదే నడుస్తుంటే, ఇంకో కిటికీలో జవాబులు పడుతున్నాయి. విమర్శనాత్మక ఆలోచన మీద కోర్సును అంత విమర్శనాత్మకంగా పూర్తి చేసిన వర్గం ప్రపంచంలో ఇంకొకటి ఉండదు.

*

సార్లే అట్లా ఉంటే పిల్లలు వెనకబడతారా? ఫార్మెటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పని అని ఒకటుంది. ఊరి గురించి, చెరువు గురించి, చేతివృత్తుల గురించి పిల్లలు నలుగురు కలిసి తిరిగి, అడిగి, రాసుకురావాలి. పదేళ్ల కిందట సీసీఈ అనే నిరంతర సమగ్ర మూల్యాంకనం తెచ్చినవాళ్లు ఎంత అందంగా ఊహించారో! పిల్ల ఏం చేస్తుందంటే, సాయంత్రం జాతీయ రహదారి పక్కన జిరాక్స్ షాపుకు వెళ్తుంది. "అన్నా, చెరువు మీద ప్రాజెక్టు" అంటుంది. షాపాయన "ఎన్ని పేజీలు, కలరా బ్లాక్ అండ్ వైటా?" అంటాడు. రెండు నిమిషాల్లో హుస్సేన్‌సాగర్ చరిత్ర, బుద్ధ విగ్రహంతో సహా, వేడివేడిగా చేతికొస్తుంది. అట్ట మీద స్కెచ్ పెన్నుతో "మా ఊరి చెరువు". మన ఊరి చెరువులో బుద్ధుడు ఎప్పుడు నిలబడ్డాడమ్మా అని సారు అడగడు. అడిగే తీరిక ఉండదు, ఆ మార్కులు నాలుగు లోపు ఎక్కించాలి. మా బడుల్లో వెబ్ ఆధారిత పిల్లల రచన అంటూ ఏదన్నా ఉందంటే ఇదొక్కటే. సంపాదకుడు జిరాక్స్ అన్న.

ఆ పిల్లకు మాత్రం చెప్పడానికి ఏమీ లేకనా? ఈ పారిశ్రామిక బెల్టు బడుల్లో ఒక్క తరగతిని దగ్గర్నుంచి చూడండి. మొదటి బెంచీలో ఊరి పిల్ల. తాత పొలం అమ్మి, ఆ డబ్బులతో కట్టిన అద్దె గదుల్లో పదిమంది కార్మికుల కుటుంబాలను పెట్టుకున్న ఇంటి పిల్ల. పక్కన ఒడిశా నుంచి వచ్చిన పిల్లవాడు. వాళ్ల నాన్న పాశమైలారం ఫ్యాక్టరీలో షిఫ్టు కార్మికుడు. వెనక బిహార్, ఆ వెనక మహారాష్ట్ర, కర్ణాటక. హిందీలో తిట్టుకుంటారు, తెలుగులో రాస్తారు, ఇంగ్లీషులో ఎక్కాలు చదువుతారు, ఇంటికి పోయి ఒడియాలో అన్నం అడుగుతారు. ఏ ఫ్యాక్టరీ సైరన్ ఎప్పుడు మోగుతుందో, అర్ధరాత్రి దాటాక ఏ గాలికి ఏ వాసన ఎటునుంచి వస్తుందో వాళ్లకు తెలిసినంతగా ఏ కాలుష్య నియంత్రణ యంత్రానికీ తెలియదు. ఇంత సరుకు ఒక్క గదిలో కూర్చోబెట్టి, వాళ్లతో హుస్సేన్‌సాగర్ ప్రింటు తెప్పించుకుంటున్నాం.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో ఊళ్లకు పేజీలు ఉన్నాయి, వేలకు వేలు. తొలి రోజుల్లో కొద్దిమంది ఔత్సాహికులు బాట్ అనే ప్రోగ్రాం నడిపి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామాలన్నిటికీ మొలక పేజీలు వేశారు. దండం పెట్టాల్సిన పని. పునాదులు తీసిపెట్టాం, ఇక ఊళ్లవాళ్లు వచ్చి గోడలు లేపుకుంటారు అనుకున్నారు పాపం. గోడలకు బదులు 2011 జనాభా లెక్కలు వచ్చాయి. ఇన్ని ఇళ్లు, ఇంతమంది ఆడవాళ్లు, ఇంతమంది మగవాళ్లు, సమీప తపాలా కార్యాలయం ఇంత దూరం. తర్వాతి జనాభా లెక్క 2021లో జరగాల్సింది, జరగలేదు. అందుకని కర్దనూర్ లాంటి ఊళ్లు వెబ్‌లో ఇంకా 2011లోనే బతుకుతున్నాయి. ఈలోపు పక్కనున్న కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ల కాలనీ లేచింది, 2023లో ప్రారంభమైంది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చి జొన్న చేలను గజాల్లోకి మార్చేసింది. గజం ధర చెప్పే రియల్ ఎస్టేట్ వీడియోల్లో మాత్రం ఈ ఊళ్లన్నీ డ్రోన్ ఎత్తు నుంచి నిగనిగలాడుతుంటాయి. ఊరి చరిత్ర రాసే పనిని మనం ఇద్దరికి అప్పగించాం. ఒకటి యంత్రం, రెండు బ్రోకరు.

ఇక్కడి సంగతులు లోకానికి తెలియనివి కూడా కావు. 1972లో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ పటాన్‌చెరుకు వచ్చింది. దాని పొలాల కోసం మన్మూల్, కాచిరెడ్డిపల్లి అనే రెండు ఊళ్లు ఊళ్లకు ఊళ్లే లేచి పోవాల్సి వచ్చింది. ఆ కథ చెప్పగల ముసలివాళ్లు ఇంకా అక్కడక్కడా అరుగుల మీద ఉన్నారు, ఎల్లకాలం ఉండరు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించి, సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించారు. శుద్ధి చేశాక ఉన్న లెక్క అది. యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవుల గురించి ఎక్కడ చర్చ వచ్చినా పటాన్‌చెరు పేరు తలుచుకుంటారు. స్వీడన్ తరగతి గదిలో పిల్లవాడు ఇక్కడి నక్కవాగు గురించి చదవగలడు. నక్కవాగు దాటి బడికొచ్చే పిల్లవాడు మాత్రం సైన్సు ప్రాజెక్టులో గంగానది కాలుష్యం అతికిస్తాడు.

*

మన ఊళ్ల సంగతులు మనమే రాసుకోవడం మనకు చేతకాదనుకుంటే అదొక ఊరట. కానీ చేతనైందని చరిత్ర సాక్ష్యం చెబుతోంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎవరో రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి కోపంతో సంపాదకీయం రాసి ఊరుకోలేదు. తను నడిపే గోలకొండ పత్రిక ద్వారా ఊరూరి కవులను పద్యాలు పంపమన్నారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక బయటికొచ్చింది. సర్వరు లేదు, పాస్‌వర్డ్ లేదు, తపాలా బిళ్ల ఉంది. ఎక్కడో మారుమూల పల్లెలో కూర్చున్న మనిషి, నన్నెవరో అడిగారు అని పద్యం మడిచి పంపాడు. అడగడంలోనే ఉంది కిటుకంతా. "ఈరోజు 4 లోపు పద్యం పంపనివారి పేర్లు ఎర్ర రంగులో చూపబడును" అని రెడ్డిగారు రాసి ఉంటే 354 "రిసీవ్డ్ సార్"లు వచ్చేవి.

ఇతర రాష్ట్రాల సంగతికొస్తే, కేరళ 2009లో స్కూల్ వికీ అని మొదలుపెట్టింది. పదిహేను వేలకు పైగా బడులు, మలయాళంలో, బడి చరిత్ర, ఊరి సంగతులు, పిల్లల రచనలు సార్లూ పిల్లలూ కలిసి రాసుకుంటున్నారు. ఉచిత సాఫ్ట్‌వేరు, సొంత భాష, అంతే. మనం అదే కాలంలో ఏం చేశాం? 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు పెట్టింది. ప్రైవేటు సంస్థలకు ఐదేళ్ల కాంట్రాక్టు. ఐదేళ్లు నిండాయి, కాంట్రాక్టు పోయింది, బోధకులు రోడ్డున పడ్డారు, కంప్యూటర్ల గదికి తాళం పడింది. తాళంచెవి ఎవరిదగ్గరుందో చాలా బడుల్లో ఇప్పటికీ పరిశోధనాంశమే. తెలంగాణ వచ్చాక టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల క్లిక్స్ ప్రాజెక్టు మన జిల్లాల్లోనూ నడిచింది. సార్లను టెలిగ్రాం గ్రూపుల్లో కలిపి, పాఠం ఎట్లా చెప్పాం, పిల్లలు ఎక్కడ తడబడ్డారు అని మాట్లాడుకోనిచ్చింది. దానికి యునెస్కో బహుమతి కూడా వచ్చింది. ప్రాజెక్టుకు గడువుంటుంది, గడువు తీరింది. ఆంధ్ర వాళ్లు ఇంకో మెట్టు ఎక్కి 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులు పంచారు. 2024 జులైలో బైజూస్ దివాలా కోర్టు మెట్లెక్కింది. ఈ మొత్తం యాత్రలో ఎవరూ పిల్లవాడికి ఖాళీ పేజీ ఇచ్చి "నువ్వు రాయరా" అనలేదు. నింపిన ట్యాబు ఇస్తారు, నింపాల్సిన ప్రొఫార్మా ఇస్తారు. ఖాళీ పేజీ అంటే అందరికీ ఒళ్లు జలదరింపు.

జలదరింపుకు కారణముంది. ఫ్రాన్సులో సెలెస్తాన్ ఫ్రెనే అని ఒక పల్లెటూరి పంతులు ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి తూటా తగిలి, గట్టిగా పాఠం చెప్పలేని స్థితిలో బడికొచ్చాడు. 1924 ప్రాంతంలో తరగతి గదిలోకి ఒక చిన్న అచ్చుయంత్రం తెచ్చాడు. పిల్లలు వాళ్లు చూసింది వాళ్ల మాటల్లో రాయడం, వాళ్లే అక్షరాలు కూర్చడం, అచ్చేసిన కాగితాలు దూరాన ఇంకో బడికి పంపడం, అక్కడి పిల్లల కాగితాలు ఇక్కడ చదవడం. బడి బ్లాగుకు ముత్తాత అదే. తర్వాత ఇంకో ఊరికి మారాడు. అక్కడి పిల్లల రాతలు ఊరి పెద్దలకు కంటగింపయ్యాయి. గోడల మీద పోస్టర్లు, పత్రికల్లో దుమారం. 1933లో ఆయన ఆ బడి వదిలి పోవాల్సి వచ్చింది.

ఇప్పుడు మన సారును అడగండి, పిల్లలతో బ్లాగు ఎందుకు రాయించవని. టైం లేదంటాడు, నిజమే. డేటా లేదంటాడు, సగం నిజం. టీ తాగాక మూడో జవాబు చెబుతాడు. "పిల్లలు చూసింది రాస్తరు సార్." నిన్న రాత్రి వాసనకు మా చెల్లెలు వాంతి చేసుకుందని ఒక పిల్ల రాస్తుంది. ఇవాళ భోజనంలో గుడ్డు ఇయ్యలేదని ఇంకొకడు రాస్తాడు. యాప్‌లో గుడ్డు ఇచ్చినట్టు ఉంటుంది. వాగు పచ్చగా లేదు, ఎర్రగా ఉందని రంగుతో సహా రాస్తారు. అది సాయంత్రానికల్లా ఒక విలేకరి చేతికి, మర్నాటికి కలెక్టరేట్‌కు చేరుతుంది. మెమో మాత్రం ఫ్యాక్టరీకి రాదు, హెచ్‌ఎంకు వస్తుంది. సంజాయిషీ మూడు రోజుల్లో ఇవ్వాలి. ఇన్ని తెలిసిన మనిషి డీఏ బ్లాగు రాసుకోక ఏం చేస్తాడు? డీఏ మీద రాస్తే కనీసం బాకీ ఎంతో తేలుతుంది.

అయినా ఎవరైనా పెద్దాయన ఈ వ్యాసం చదివి ఉత్సాహపడే ప్రమాదముంది. ఆ ఉత్తర్వు ఎట్లా ఉంటుందో నేను ఇప్పుడే చెప్పగలను. శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు గ్రూపులో పడుతుంది. అన్ని యాజమాన్యాల పాఠశాలలు తక్షణమే బడి బ్లాగు ప్రారంభించవలెను. పేరు "మన బడి మన బ్లాగు". నోడల్ ఉపాధ్యాయుడిని నియమించవలెను. బ్లాగు ప్రారంభోత్సవానికి ప్రజాప్రతినిధిని ఆహ్వానించి రిబ్బను కత్తిరింపు ఫొటో జియోట్యాగ్‌తో పంపవలెను. వారానికి రెండు పోస్టులు తప్పనిసరి. మాదిరి పోస్టులు జతపరచడమైనది: మొక్కలు నాటడం, స్వచ్ఛత, మహనీయుల జయంతులు. ప్రభుత్వాన్ని, పరిశ్రమలను, పథకాలను కించపరిచే అంశాలు ఉండరాదు. సాయంత్రం 4 లోపు ఈ కింది ప్రొఫార్మా నింపవలెను.

ఒకటో గడి, పాఠశాల కోడ్. రెండు, బ్లాగు చిరునామా. మూడు, పోస్టుల సంఖ్య. నాలుగు, ఫొటోల సంఖ్య. ఐదు, వచ్చిన లైకులు. ఆరు, నోడల్ ఉపాధ్యాయుడి ఫోను నంబరు. ఏడు, పోస్టులు రాసింది పిల్లలేనా, అవును లేదా కాదు. ఏడో గడి నింపడం తప్పనిసరి కాదు.